సభలో విన్న మందు

(తొమ్మిదో వారం)

పోయిన వారం మనం సత్తెనపల్లిలో, ఆ చిన్న ఆసుపత్రి వాకిట్లో నిలబడి ఉన్నాం. గుంటూరు నుంచి వచ్చిన కారు అప్పుడే ఆగింది. కంటి వైద్యంలో జిల్లా అంతా పేరున్న డాక్టర్ చెంచురామయ్య గారు అందులోంచి దిగుతున్నారు. ఆయనకు ఎదురు వెళ్ళింది డాక్టర్ దేవకుమారి. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసే ఏసోబు కూతురు. వాళ్ళ పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నాలుగేళ్ళ కిందట, ఇంకా చదువుకునే రోజుల్లో, వైద్యుల వార్షిక సభలో ఆమె చెంచురామయ్య గారి ఉపన్యాసం విన్నది. మిరప ఘాటుకు ఎర్రబడి నీరు కారే కళ్ళకు కార్టిసోన్ చుక్కలు ఎంత బాగా పనిచేస్తాయో ఆ రోజు ఆయన చెప్పారు. డాక్టరై సొంత ఊరికి వచ్చిన దగ్గర్నుంచి, మిరపకాయలు ఎండబోసే కళ్ళాల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఆమె ఆ చుక్కలే ఇస్తూ వచ్చింది. ఆ అనుభవమంతా రాసి, వచ్చే ఆదివారం అదే సభలో తన మొదటి పేపరు చదవబోతోంది. ఈ ఏడు సభకు అధ్యక్షులు కూడా చెంచురామయ్య గారే. ముందుగా రోగుల్ని ఒకసారి చూస్తానని ఆయనే కబురు చేసి వచ్చారు.

"సభ కార్యక్రమం కాగితంలో నీ పేపరు పేరు చూశానమ్మా," అన్నారాయన మెట్లెక్కుతూ. "మిరప కళ్ళాల కూలీల కంటి జబ్బు అని వేశావు. మందేమిటో మాత్రం వెయ్యలేదు."

"చూస్తే మీకే తెలుస్తుంది సార్," అంది దేవకుమారి. మాస్టారికి వాళ్ళింటి చెట్టు కాయే కోసిచ్చే పిల్లలా ఆమె మొహం వెలిగిపోతోంది.

వరండాలో బల్ల మీద రహిమున్నీసా కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. తొడిమలు తీసే ఆడకూలీల ముఠాకు పెద్ద. ఆమె రమ్మంటే ముఠా కళ్ళానికి వస్తుంది, ఆమె లేవమంటే లేస్తుంది. మొగుడు గౌస్ బాషా జట్కా తోలతాడు. దేవకుమారి చిన్నప్పుడు తల్లి వెంట కళ్ళానికి వెళ్ళి ఈమె పక్కనే కూర్చుని కాయలు ఏరేది. అందుకే ఇప్పటికీ ఆమెను పిన్నీ అనే పిలుస్తుంది.

"మీరేనా అయ్యా గుంటూరు పెద్ద డాక్టరు గారు," అంటూ లేచింది రహిమున్నీసా. "మీ చుక్కల పుణ్యాన మా ముఠా అంతా కళ్ళు తెరిచి పని చేస్తోంది. ఇదివరకు మధ్యాహ్నం అయ్యేసరికి అందరిదీ ఏడుపే. చావింట్లో కూడా అంత ఏడుపు ఉండేది కాదు."

"నా చుక్కలా?" అన్నారు చెంచురామయ్య గారు.

"మీవే అంట కదా. డాక్టరమ్మ చెప్పింది. మా ఆయనైతే, పెళ్ళినాటికంటే ఇప్పుడే నీ కళ్ళు తెల్లగా ఉన్నాయే అంటాడు. పెళ్ళినాడు నిన్ను చూసి ఏడ్చాను, అందుకే ఎర్రగా ఉన్నాయిలే అన్నాను."

నర్సు రెబ్కా నవ్వు ఆపుకుంటూ టీ గ్లాసులు తెచ్చింది. పెద్ద డాక్టరుకు ఒకటి ఇచ్చి, రెండోది రహిమున్నీసా ఎడమ చేతివైపు పట్టుకుని నిలబడింది. రహిమున్నీసా మాట్లాడుతూనే ఉంది. ఈసారి కాయ లావుగా ఉందని, తెల్లబారిన తాలు కాయ ఎక్కువని, కళ్ళం యజమాని నోరు అంతకంటే ఎక్కువని. రెబ్కా గ్లాసును ఇంకొంచెం ముందుకు జరిపింది.

"పట్టుకోమ్మా తల్లీ, చెయ్యి కాలిపోతోంది."

"ఎక్కడే?" అంటూ రహిమున్నీసా చెయ్యి చాచింది. వేళ్ళు గ్లాసుకు తగిలి టీ ఒలికింది. ఆమె నాలిక కరుచుకుని నవ్వింది. "ఈ మధ్య నాకు పరాకు ఎక్కువైంది. మొన్న మా ఆయన జట్కా పక్కనుంచే వస్తుంటే చూసుకోక మీదికి పోయాను. గుర్రానికున్న తెలివి కూడా నీకు లేదే అని ఊరంతా వినేలా తిట్టాడు."

రెబ్కా నవ్వింది, దేవకుమారి కూడా నవ్వింది. చెంచురామయ్య గారు నవ్వలేదు. టీ గ్లాసు పెదవిదాకా వెళ్ళి అక్కడే ఆగింది. దాన్ని మెల్లిగా కిటికీ గూట్లో పెట్టారు.

"చుక్కలు రోజూ వేస్తున్నావా అమ్మా?"

"రోజూనండి. కళ్ళానికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఘాటు తగలకముందే వేస్తే అసలు మంటే పుట్టదు. ఆ కిటుకు నేను కనిపెట్టిందే. ముఠా అంతటికీ నేర్పాను."

"ఎప్పట్నుంచి?"

"డాక్టరమ్మ ఊళ్ళోకి వచ్చిన సీజను నుంచి. ఇది మూడో సీజను."

"సీజను అయిపోయాక ఆపేస్తావా?"

"ఆపడం ఎందుకండీ, చల్లగా ఉంటే. సీసా అయిపోతే బజార్లో షాపువాడు చీటీ అడక్కుండానే ఇస్తాడు."

ఆయన స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేటంత దగ్గరగా కూర్చున్నారు. ఆమె కుడికన్ను చేత్తో మూయించారు.

"ఇప్పుడు నా ముక్కు వంకే చూడు. అటూ ఇటూ చూడకూడదు."

"చూస్తున్నానండి. చూడకపోయినా కనపడే ముక్కే."

"పక్కన నా వేళ్ళు ఆడిస్తాను. కనపడగానే చెప్పు."

ఆయన చెయ్యి బారుగా చాచి, వరండా స్తంభం దగ్గర్నుంచి వేళ్ళు ఆడించడం మొదలుపెట్టారు. రహిమున్నీసా వెనక నిలబడిన దేవకుమారికి ఆ వేళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చెయ్యి లోపలికి వస్తోంది. మామూలు మనిషి ఈపాటికి చెప్పాలి. ఇంకా వచ్చింది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది దేవకుమారి. ఆయన భుజం దాకా వచ్చింది. చెవి దాకా వచ్చింది. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

రహిమున్నీసా ఆయన ముక్కు మీంచి చూపు తిప్పకుండా, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇంకా మొదలెట్టలేదా డాక్టరు గారూ?" అని అడిగింది.

దేవకుమారి పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది.

రెండో కన్నూ అంతే.

ఆయన కారులోంచి కంటి ఒత్తిడి కొలిచే చిన్న పరికరం తెప్పించారు. ఈ ఆసుపత్రిలో అలాంటిది లేదు. రహిమున్నీసాను బల్ల మీద పడుకోబెట్టి, కంటికి తిమ్మిరి మందు వేసి, పరికరాన్ని నల్లగుడ్డు మీద ఆనించారు.

"నువ్వే చదువు," అన్నారు దేవకుమారితో.

ఆమె వంగి చూసింది. ముల్లు కదలవలసినంత కదల్లేదు, మొదట్లోనే ఆగిపోయింది. కన్ను గోళీలా గట్టిపడి ఉందని దాని అర్థం. దేవకుమారికి అది పుస్తకంలో చదివిన సంగతే. నీటికాసులు. లోపలి ఒత్తిడికి కంటినరం చచ్చిపోతూ వస్తుంది. అయితే అది ముసలివాళ్ళకు, తలపోటుతో, ఎర్రబడ్డ కళ్ళతో వచ్చే జబ్బని ఆమె అనుకుంది. ఇంత తెల్లగా, ఇంత చల్లగా ఉన్న కళ్ళల్లో, నవ్వుతూ మాట్లాడే మనిషిలో అది కూర్చుని ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. మూడు కాళ్ళ గుర్తు ఏ వైపు తిరిగి ఉందో చెప్పే చార్టు ఆసుపత్రి గోడకు ఉంది. రహిమున్నీసా వచ్చినప్పుడల్లా దాన్ని అట్టడుగు వరుస దాకా చెప్పేది. ఎదుటి చూపు అంత బాగుండబట్టే, అందరికీ చూపు భేషుగ్గా ఉందని దేవకుమారి పేపర్లో రాసింది.

"పిన్నీ, కాసేపు ఇక్కడే పడుకో," అని ఆమె చెంచురామయ్య గారి వెనక గదిలోకి నడిచింది.

ఆయన తలుపు దగ్గరగా వేశారు. గొంతు తగ్గించి మాట్లాడినా కోపం తగ్గలేదు.

"ఈ మందు ఏళ్ళ తరబడి వెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

"మీరే సార్."

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు.

"నేనా?"

"నాలుగేళ్ళ కిందటి సభలో సార్. నేను వెనక వరుసలో ఉన్నాను. పాతికమంది కూలీలకు వేశాను, పాతికమందికీ గుణం కనిపించింది అన్నారు. మీరు కూర్చున్నాక కూడా చప్పట్లు ఆగలేదు."

"అది రెండు వారాల మాటమ్మా. రెండు వారాలు వేసి చూశాను. అంతే."

"రెండు వారాలని మీరు చెప్పలేదు సార్."

"ఎవరూ అడగలేదు," అన్నారాయన. తన మాట తనకే ఎలాగో వినిపించినట్టు ఒక్క క్షణం ఆగారు. "భోజనాల వేళ దాటిపోయింది. ప్రశ్నలు తర్వాత చూసుకుందాం లేవండి అన్నారు అధ్యక్షులు. అందరూ లేచారు."

దేవకుమారికి ఆ రోజు కళ్ళకు కట్టింది. నిజమే, అందరూ లేచారు. అరటాకుల ముందు కూర్చుని, ఈ చుక్కల సంగతి గొప్పగా చెప్పుకున్నారు. ఆమె కూడా చెప్పుకుంది.

చెంచురామయ్య గారు కుర్చీలో కూర్చున్నారు.

"జర్నల్‌కు పంపాను. వాళ్ళు అచ్చు వెయ్యలేదు, ప్రశ్నలు రాసి తిప్పి పంపారు. ఎన్నాళ్ళు వేశావు, ఆపాక ఏమైంది, ఒత్తిడి కొలిచావా అని. జవాబు రాయాలి కదా అని ఆ కూలీల్ని మళ్ళీ పిలిపించాను. మానేసినవాళ్ళు బాగానే ఉన్నారు. సొంతంగా కొనుక్కుని వేసుకుంటున్నవాళ్ళు కొందరికి ఇదిగో, ఇదే. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజునుంచి ఆ మందు అలా నెలల తరబడి ఎవరికీ ఇవ్వలేదు. పేపరు మళ్ళీ పంపలేదు."

"మరి ఈ సంగతి ఎందుకు రాయలేదు సార్?"

"ఏమని రాయను? నేను చెప్పింది తప్పని నేనే రాస్తే ఎవరు అచ్చు వేస్తారు, ఎవరు చదువుతారు? అయినా, సభలో చెప్పింది అచ్చులో రాలేదంటే దాని అర్థం అందరికీ తెలుసు. అది నిలవలేదని."

"మాకు తెలియదు సార్."

ఆమె గొంతు పెంచలేదు. చదువుకునే రోజుల్లో మాస్టార్ల ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పినట్టే చెప్పింది.

"గుంటూరు వెళ్ళినప్పుడల్లా లైబ్రరీకి వెళ్ళి అడిగేదాన్ని. చెంచురామయ్య గారి పేపరు వచ్చిందా అని. అక్కడి గుమాస్తా ఇంకా రాలేదనేవాడు. మాకు జర్నల్ చేరడమే ఆరేడు నెలలు ఆలస్యం. రాలేదంటే ఇంకా రాలేదనుకున్నాను. దాన్ని మీరు వదిలేశారని ఎలా అనుకుంటాను? నాతో చదివినవాళ్ళంతా అలాగే అనుకున్నారు. ఇవాళ కూడా అనుకుంటున్నారు."

చెంచురామయ్య గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఆ రోజు సభలో నువ్వు విన్న పేపర్లలో ఎన్ని అచ్చయ్యాయి అనుకుంటున్నావు?"

"అన్నీ అయ్యే ఉంటాయి సార్. మాదాకా రాలేదు గానీ."

"సగం కూడా కాలేదు. కొన్ని బద్ధకం వల్ల కాలేదు. కొన్ని నాదానిలాగే. ఏవి ఎందుకో ఎవరూ పైకి చెప్పుకోరు."

దేవకుమారి లోలోపల లెక్క వేసుకుంది. తాను ఇక్కడ చేసే వైద్యంలో సగం ఆ హాల్లో చెవులారా విన్నదే. పసిపిల్లల విరేచనాలకు ఒక పొడి, తేలుకాటుకు ఒక సూది, బాలింతల జ్వరానికి ఒక పద్ధతి. అవన్నీ ఆమెకు పుస్తకంలో అక్షరాలంత గట్టివి. ఇప్పుడు వాటిలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఆమెకు తెలియదు. కాళ్ళ కింద గచ్చు ఉందో లేదో చూసుకున్నట్టు ఆమె కిందికి చూసింది.

"జరిగింది జరిగింది," అన్నారాయన. "నామాట విను. ఆదివారం ఆ పేపరు చదవకు. ఒంట్లో బాగాలేదని కబురు పంపు. నేను చూసుకుంటాను, నీ పేరు ఎక్కడా రాదు. ఇక్కడ వీళ్ళందరి చేతా చుక్కలు మాన్పించు. కొలిచే పరికరం నేను పంపిస్తాను."

అది దయతోనే అన్నమాట. ఆదివారం గుంటూరు రావడానికి ఏసోబు మిల్లులో సెలవు చెప్పుకున్నాడు. పేటలోంచి ఇంకా కొందరు బయల్దేరుతున్నారు. కూతురికి జ్వరమని చెబితే ఆయన బాధపడతాడు, అంతే. సభలో తలవంచుకోవలసిన పని ఉండదు. దేవకుమారి ఒక్క క్షణం ఆ దారివైపు చూసింది. అది చాలా దగ్గరి దారి.

"ఇక్కడ మాన్పిస్తాను సార్. మిగతా ఊళ్ళలోనో?"

"మిగతా ఊళ్ళేమిటి?"

"ఆ రోజు హాలు నిండా డాక్టర్లున్నారు సార్. కనిగిరి నుంచి వచ్చినాయన ఉన్నాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర దుమ్ము పడ్డ కళ్ళకు ఇప్పుడు ఇదే వేస్తున్నారు. పోయినేడు నరసరావుపేటలో డాక్టర్లు చేరినప్పుడు నేనే లేచి చెప్పాను. మీ పేరు చెప్పి మరీ చెప్పాను."

ఇంతసేపూ ఆయన ఒక మనిషి సంగతి మాట్లాడుతున్నారు. మహా అయితే ఒక ఊరి సంగతి. ఇప్పుడాయన మొహంలో రంగు మారింది. ఆ మందు తన గదిలో తన చేతులమీద పుట్టి, తన గదిలోనే పోయిందని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి ఆయన. కళ్ళజోడు పెట్టుకోబోయి, మళ్ళీ దించారు.

తలుపు తెరుచుకుంది. రహిమున్నీసా ద్వారబంధం తడుముకుని లోపలికి వచ్చింది. రెబ్కా వెనకనుంచి ఆపబోయింది గాని ఆమె వినలేదు.

"ఇద్దరూ ఇంతసేపు గుసగుసలాడుకుంటే నాకేదో ముంచుకొచ్చిందనేగా. ఏమైంది డాక్టరమ్మా నా కళ్ళకి?"

"ఏం కంగారు లేదమ్మా, నిదానంగా చెబుతాం," అన్నారు చెంచురామయ్య గారు.

"మిమ్మల్ని కాదండీ. మా పిల్లని అడుగుతున్నాను."

దేవకుమారి ఆమె ఎదురుగా, ఆమెకు బాగా కనపడేచోట నిలబడింది.

"నీది పరాకు కాదు పిన్నీ. నీకు పక్క చూపు పోయింది. ఆ చుక్కలు అన్నాళ్ళు వెయ్యడం వల్ల. అవి నేనిచ్చినవే."

రహిమున్నీసా మెల్లిగా తల ఎడమకు తిప్పి చూసింది, కుడికి తిప్పి చూసింది. ఇంతకాలం తల తిప్పి చూస్తున్నానని ఆమెకు ఇప్పుడే తెలిసినట్టుంది.

"పోయింది వస్తుందా?"

"రాదు."

"ఉన్నదో?"

"ఇవాళే ఆపితే నిలవొచ్చు. నిలుస్తుందని ఒట్టు వెయ్యలేను."

"ఆపితే మంట."

"మంటే. నీళ్ళతో కడుక్కోవాలి, గుడ్డ కట్టుకోవాలి. వేరే మందు వెతుకుతాను, ఈసారి తెలుసుకుని ఇస్తాను."

రహిమున్నీసా బొడ్లోంచి చిన్న సీసా తీసింది. బల్ల ఎక్కడుందో చూసుకుని, దాని మీద నిలబెట్టింది.

"నువ్వు నాకిచ్చావు, సరే. ముఠాకి నేనిచ్చాను. మా ముఠాలో సర్దార్‌బీ వద్దంటే తిట్టి, తల పట్టుకుని వేశాను. మొన్నటిదాకా అది నాకు మొక్కుతూనే ఉంది." ఆమె చెంచురామయ్య గారివైపు మొహం తిప్పింది. "ఈ సంగతి మీకు ముందే తెలుసా అయ్యా?"

బయట గాలికి ఎక్కడినుంచో మిరప ఘాటు వచ్చి రెబ్కా దగ్గింది.

"తెలుసమ్మా," అన్నారు చెంచురామయ్య గారు.

రహిమున్నీసా తిట్టలేదు. ఆమె నోరు తెలిసినవాళ్ళకు అదే ఎక్కువ భయం కలిగించింది. కళ్ళానికి వెళ్ళాలి, ముఠా లేవకముందే చెప్పాలి అంటూ వెనక్కి తిరిగింది. రెబ్కా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఎన్నడూ ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి, ఇవాళ వదిలించుకోలేదు.

దేవకుమారి ఆయన్ను కారుదాకా సాగనంపింది. ఆయన అడుగు మెల్లిగా పడుతోంది.

"సార్, ఆదివారం నేను చదువుతాను. పేపరు మార్చి రాస్తాను. ఇవాళ చూసింది చూసినట్టు రాస్తాను."

"నువ్వు కూర్చోకముందే సభ ఏమడుగుతుందో తెలుసా? ఈ మందు నీకెవరు చెప్పారని."

"తెలుసు సార్. ఏం చెప్పమంటారు?"

ఆయన కారు తలుపు తెరిచారు. వాకిట్లో మొగుడి జట్కా ఎక్కబోతున్న రహిమున్నీసా ఆగింది. మొహం పూర్తిగా ఇటు తిప్పుకుని పిలిచింది.

"డాక్టరమ్మా, ఆదివారం ఆ డాక్టర్లంతా ఒక్కచోట ఉంటారా?"

"ఉంటారు పిన్నీ."

"అయితే నేనూ వస్తాను. ఊరూరా తిరిగి వాళ్ళకి చెప్పే ఓపిక నీకెక్కడిది? నన్ను వాళ్ళందరి ముందూ కూర్చోబెట్టు. ఏం పోయిందో కళ్ళారా చూస్తారు."

"కూలి మనిషిని ఆ సభలోకి రానివ్వరమ్మా," అన్నారు చెంచురామయ్య గారు, నేలవైపు చూస్తూ.

దేవకుమారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. ఆయన ముందు ఆమె తలెత్తి నిలబడడం అదే మొదలు.

"అధ్యక్షులు పిలిస్తే రానిస్తారు సార్."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. చెంచురామయ్య గారు కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కలేదు.